మూడో గడి

నేను ఎవరికీ నూటికి నూరు వేయను. మా బడిలో ఇది అందరికీ తెలుసు. రికార్డు ఎంత శుభ్రంగా రాసినా, జవాబులో వంక పెట్టడానికి ఏమీ దొరక్కపోయినా, ఎక్కడో ఒకచోట అరమార్కు కోసేస్తాను. పిల్లలు వెనకాల నన్ను ‘అరమార్కు మేడం’ అనుకుంటారని తెలుసు. వినీ విననట్టు ఊరుకునేదాన్ని. లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. నా దగ్గర తొంభై తొమ్మిదిన్నర తెచ్చుకున్న పిల్ల ఎక్కడైనా నెగ్గుకొస్తుందని స్టాఫ్ రూములో చెప్పుకునేదాన్ని. ఆ గర్వం ఏం చేసిందో ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

మాది అద్దంకి నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న సర్కారు బడి. ముందు పదో తరగతి దాకే ఉండేది, తరవాత ఆడపిల్లల కోసం ఇంటర్ కూడా పెట్టారు. పది దాకా సైన్సు చెప్పుకునే నన్ను ఇంటర్ ఫిజిక్స్‌కి మార్చారు. ప్రహరీ అవతల కోల్డ్ స్టోరేజీ. కోతలు మొదలయ్యాయంటే మిరపకాయల ఘాటుకి స్టాఫ్ రూములో ఒకరి తరవాత ఒకరం తుమ్ముతూనే ఉంటాం. కొత్తగా వచ్చిన టీచర్లు మొదటి నెల ముక్కుకి చున్నీ కట్టుకుని పాఠం చెబుతారు, రెండో నెలకి ఆ సంగతే మర్చిపోతారు.

ఆ అమ్మాయి నా దగ్గర ఇంటర్ రెండేళ్ళూ చదివింది. వాళ్ళ నాన్న పరుపులు కుడతాడు. ట్రాలీ ఆటోలో దూది ఏకే మిషను పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు. తల్లి కూలికి పోతుంది. ముందు పత్తి తీత, తరవాత మిరప కోత, అదీ అయ్యాక షెడ్లలో కూర్చుని కాయలకి తొడిమలు తీయడం. సెలవు రోజున అమ్మాయి కూడా తల్లి వెంట పోయేది. కోతల కాలంలో సోమవారం పొద్దున క్లాసులో చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొరపాటున కూడా కళ్ళు నులుముకోకుండా జాగ్రత్తగా కూర్చునేది. ఆ జాగ్రత్త నాకు బాగా తెలుసు. మా అమ్మ కూడా కూలికి పోయే మనిషే, నేనూ ఆ చేలల్లో కోసినదాన్నే.

రెండో ఏడాది మొదట్లో ఒకరోజు కరెంటు పాఠం చెబుతున్నాను. అరవై వాట్ల బల్బునీ వంద వాట్ల బల్బునీ ఒకదాని తరవాత ఒకటి సిరీస్‌లో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది అని అడిగి, ‘వందదే’ అని నేనే జవాబు కూడా చెప్పి, బోర్డు తుడవడానికి తిరిగాను.

“మేడం, అరవైదే ఎక్కువ వెలుగుద్ది కదండీ” అంది ఆ అమ్మాయి లేచి నిలబడి.

“కూర్చో” అన్నాను.

“రెండిట్లో పోయే కరెంటు ఒకటే కదా మేడం. రెసిస్టెన్స్ అరవైదానికే ఎక్కువ.”

అప్పటికే నాకు సగం అర్థమైంది. చేతిలో డస్టరు అలాగే ఉంది. అవునమ్మా, నేనే పొరపాటు పడ్డాను అంటే అయిపోయేది. “అంత తెలిసినదానివి నువ్వే వచ్చి చెప్పు పాఠం, నేను ఆ బెంచీ మీద కూర్చుంటాను” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది.

మర్నాడు చెక్కముక్క మీద రెండు హోల్డర్లు బిగించి, రెండు బల్బులు పెట్టి తీసుకొచ్చింది. ఈ ఎల్‌ఈడీల రోజుల్లో పాత బల్బులు ఎక్కడివే అంటే, కోళ్ళఫారంలో కోడిపిల్లల వెచ్చదనానికి పెట్టేవి అడిగి తెచ్చానంది. ఆ మొహంలో పొగరు ఏ కోశానా లేదు. చూపించాలన్న ఉబలాటం తప్ప మరేమీ లేదు. ల్యాబులో ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. అరవైది వెలిగింది. వందదానిలో తీగ మాత్రం ఎర్రగా కనబడింది. నలభై మంది ఆడపిల్లలు ముందు బల్బుల వంక చూశారు, తరవాత నా వంక చూశారు.

“ఇవాళ వోల్టేజీ సరిగ్గా లేదు. మన ఊరి కరెంటు సంగతి తెలిసిందేగా” అన్నాను.

ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడుతున్న సర్వీసులో ఇంత చవకబారు మాట నేను మరొకటి అనలేదు. పిల్లల్లో సగం మందికి అది అబద్ధమని తెలుసు. ఆ అమ్మాయికి తెలుసని వేరే చెప్పక్కర్లేదు. “అయ్యుండొచ్చు మేడం” అని ప్లగ్గు తీసి, తీగ చుట్టి పెట్టింది. ఆ చెక్కని నేను ల్యాబు బీరువాలోకి తోసి తాళం వేశాను. పది రోజులపాటు ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తరవాతి వారం నోట్సులో ఆ జవాబు దిద్ది చెప్పాను, అది ఎవరు దిద్దారో మాత్రం చెప్పలేదు.

పత్తి తీతలు అయిపోవచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోను పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. వేరే రాష్ట్రంలో ఉన్న యూనివర్సిటీ, దేశం మొత్తం మీద కొద్దిమందినే తీసుకుంటారట. సీటు వస్తే చదువు, హాస్టలు, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఎవరూ చెప్పకుండా తనే ఫోనులో వెతికి కనుక్కుంది. అక్కడి ల్యాబు ఫోటో ఒకటి చూపించి, “మొదటి ఏడాది నుంచే మనతోనే ప్రయోగాలు చేయిస్తారంట మేడం” అంది. ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసింది. సీటు వస్తే అక్కడ. రాకపోతే అద్దంకిలో డిగ్రీ, అదీ కోతలు లేని రోజుల్లో.

“వచ్చే ఛాన్సు ఎంతుందే నీకు?” అని అడిగాను.

“మార్కులు అప్లై చేసే వాళ్ళందరికీ ఉంటాయి మేడం. అందుకని పాఠం చెప్పిన టీచర్ ఏమంటారో చూస్తారంట. అదే ముఖ్యం అంట.”

చెప్పలేదని అనడానికి లేదు. ఎంత ముఖ్యమో ఆ అమ్మాయి నాకు చెప్పింది.

మా బడిలో ఒక పద్ధతి ఉంది. టీచర్ల ఆన్‌లైన్ పనులన్నీ పిల్లలే చేసిపెడతారు. నా ఈమెయిలు ఆ అమ్మాయే తయారు చేసింది, పాస్‌వర్డు ఆ అమ్మాయికే గుర్తు. నాకు చేతనైంది వాట్సాప్ ఒక్కటే. కాబట్టి యూనివర్సిటీ వాళ్ళు నా అభిప్రాయం కోసం పంపిన ఫారం ఆ అమ్మాయి ఫోనులోనే తెరుచుకుంది. నేను నోటితో చెబుతుంటే తన గురించి తనే ఇంగ్లీషులో టైపు చేసింది. అందులో తప్పు ఉందని నాకూ తోచలేదు, ఆ అమ్మాయికీ తోచలేదు.

ఏం చెప్పాలో నాకు ఆలోచించే పనే లేకపోయింది. నా పదిహేడో ఏట మా పల్లె పాస్టరు గారు గుంటూరులో హాస్టలు వాళ్ళకి నా గురించి ఉత్తరం రాసిచ్చారు. అది కవరు అంటించక ముందే చదివాను. ‘ఈ చిన్నది నెమ్మదస్తురాలు. పెద్దలకు ఎదురు చెప్పదు. వారం వారం ఆరాధనకు క్రమం తప్పక వచ్చును.’ ఆ మూడు ముక్కలతో నాకు హాస్టలు సీటు వచ్చింది, డిగ్రీ వచ్చింది, తరవాత ఈ ఉద్యోగం వచ్చింది. మా పేటలో ఆడపిల్లకి దక్కగలిగిన మెప్పు అదే. నోరు మూసుకుని ఉన్నందుకే నేను ఇంత దూరం వచ్చానని నమ్ముతాను. ఆ నమ్మకంతోనే చెప్పడం మొదలుపెట్టాను.

“రాయి. ఈ అమ్మాయి వినయం గలది. నెమ్మదస్తురాలు. క్రమం తప్పక బడికి వస్తుంది. టీచర్లని ప్రశ్నించదు. పెద్దలకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.”

టైపు చేస్తున్న వేలు ఆగింది.

“మేడం, ఇక్కడ ఏదైనా ఒక సంఘటన రాయమని అడుగుతున్నారు. ఆ బల్బుల సంగతి రాయమంటారా?”

“అదెందుకే? టీచరుకి ఎదురు చెప్పిందని నేనే చాడీ మోసినట్టు ఉంటుంది. నీకే చెడ్డపేరు. నీ మంచికే చెబుతున్నా.”

“సరే మేడం.”

నీ మంచికే అన్న మాటలో సగం నిజం ఉంది. ఎదురు చెప్పిన పిల్ల అంటే ఎవరూ సీటు ఇవ్వరనే అనుకున్నాను. మిగతా సగం ఏమిటో నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ళకి కూడా నా తప్పు తెలియకూడదు. అంతే.

చివర ఐదు గడులు ఉన్నాయి. ఆ అమ్మాయి చదివి వినిపించింది. అన్నిటికన్నా పైది, నా సర్వీసులో చూసిన కొద్దిమంది గొప్ప విద్యార్థుల్లో ఒకరు అని. దాని కింద, చాలా గొప్ప విద్యార్థి. మూడోది, బాగా చదివే విద్యార్థి. ఆ కింద రెండూ సగటువి.

“మూడోది పెట్టు” అన్నాను.

“మూడోదా మేడం?”

“పైవి పెడితే మిడిసిపాటు అనుకుంటారు. మూడోది మర్యాదగా ఉంటుంది.”

నిజానికి ఆ అమ్మాయి లాంటి విద్యార్థిని నేను సర్వీసులో మరొకరిని చూడలేదు. పై గడిలో ఏం రాసి ఉందో అది అక్షరాలా ఆ అమ్మాయే. కానీ నాకు పై గడి నొక్కించే అలవాటు లేదు. అప్పుడు నేను కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. ఆ ఫోనులో అక్షరాలు నాకు చీమల బారు. ఆ అమ్మాయి ఏ గడి నొక్కినా నాకు తెలిసేది కాదు. ఆ సంగతి తనకీ తెలుసు. మూడోదే నొక్కింది. నొక్కి, “పంపించేశాను మేడం, థాంక్యూ” అంది.

వారం తిరక్కుండా వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. గుడ్డసంచిలో ఎండుమిరపకాయలు, తాలు ఒక్కటి లేకుండా ఏరి, తొడిమలు తీసి తెచ్చింది. వేళ్ళ చివర్లు కందిపోయి ఉన్నాయి. “మీరు రాసిచ్చారంట కదమ్మా. మా పిల్ల చెప్పింది. మీ చేతి చలవ” అంది. గడపలో నుంచి లోపలికి రమ్మన్నా రాలేదు. నేను సంచి తీసుకున్నాను. ఆ కారమే ఈ ఏడాదంతా మా ఇంట్లో వాడుతున్నాం.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. అంతదాకా వెళ్ళడమే గొప్ప అని బడంతా సంతోషించింది. నా ఉత్తరం బాగా పనిచేసిందని నేనూ సంతోషించాను. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ నిలవదు కాబట్టి ఇంటర్వ్యూ మా ల్యాబులో ఏర్పాటు చేశాం. ఫోనుని స్టాండుకి ఆనించి నిలబెట్టాను. ఆ అమ్మాయి ఫోనుకి ఎదురుగా కూర్చుంది, నేను బల్లకి ఇవతల, ఫోను వెనకాల, ప్రీఫైనల్ పేపర్ల కట్ట పెట్టుకుని కూర్చున్నాను. తోడుగా ఉండమని తను అడగలేదు. ఉంటే ధైర్యంగా ఉంటుందని నేనే అనుకున్నాను.

అటు ఇద్దరు ఉన్నారు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. గొంతులు మర్యాదగా ఉన్నాయి. ఈ పిల్ల ఇంగ్లీషు ఆగి ఆగి మాట్లాడినా తప్పుల్లేకుండా మాట్లాడింది. పొడి గాలి వీచే రోజున నాన్న ఏకిన దూది చేతికి అంటుకుని ఎందుకు వదలదో, ముసురు రోజున ఎందుకు వదిలేస్తుందో చెప్పింది. ఇది నీకు ఎవరు చెప్పారని ఆవిడ అడిగితే, ఎవరూ చెప్పలేదు, రెండేళ్ళు రోజూ చూసి రాసుకున్నానని చెప్పింది. రాసుకుందని నాకు తెలియదు. ఆవిడ సంతోషంగా నవ్వడం వినిపించింది. నేను పేపర్లు దిద్దడం ఆపి వింటున్నాను.

అప్పుడు ఆవిడ అడిగింది. “మీ టీచరు నువ్వు ఎవరినీ ప్రశ్నించవని రాశారు. నీ మాటలు వింటుంటే నాకు అలా అనిపించడం లేదు. మీ టీచరు చెప్పింది తప్పని నీకు ఎప్పుడైనా అనిపించిందా? అప్పుడు ఏం చేశావు?”

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు ఇంగ్లీషులో కూడా స్పష్టంగా అర్థమైంది. ఆవిడ తలుపు తీసి పట్టుకుంది. ఈ పిల్ల లోపలికి అడుగు పెట్టడమే మిగిలింది. బల్బులు నా వెనక బీరువాలోనే ఉన్నాయి.

అమ్మాయి ఫోను మీదుగా తల ఎత్తి నా వంక చూసింది. అది భయం కాదు. చెప్పమంటారా అని అడుగుతున్న చూపు. తల ఊపితే చాలు. ఊపలేదు. తల దించి ఎర్ర పెన్ను పట్టుకున్నాను. ఎవరి పేపరో, తప్పు లేని చోట గీత గీశాను.

“లేదండీ. మా టీచరు తప్పు చెప్పరు” అంది ఇంగ్లీషులో.

సరేనమ్మా అంది ఆవిడ. ఆ తరవాత ఐదు నిమిషాలు హాస్టలు గురించి, భోజనం గురించి, ఇంటికి దూరంగా ఉండగలవా అని అడిగారు. ఇంక ఆవిడ నవ్వలేదు.

ఫోను పెట్టేశాక ఆ అమ్మాయి నా వంక చూడకుండా స్టాండు తీసి గోడవారగా పెట్టింది.

“బాగా చెప్పావు” అన్నాను. ఎలా అనగలిగానో నాకే తెలియదు.

ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున వాట్సాప్‌లో వచ్చింది. ‘సీటు రాలేదు మేడం. మీ హెల్ప్‌కి థాంక్యూ మేడం.’ రెండు వాక్యాలు. నేను జవాబు పెట్టాను, దిగులు పడకు, దేవుడు ఇంకో దారి చూపిస్తాడు అని. నేను చేసిన పని దేవుడి మీదికి నెట్టి ఫోను బోర్లా పెట్టాను.

సీటు ఎందుకు ఇవ్వలేదో వాళ్ళు చెప్పలేదు. దేశం నలుమూలల నుంచి అప్లై చేస్తారు, ఎంతమందికి రాలేదో. మూడో గడి వల్లే పోయిందని, ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని ఎవరూ అనలేదు. ఆ సందు పట్టుకుని కొన్నాళ్ళు గడిపాను. అన్నంలోకి పచ్చడి కలుపుకున్న ప్రతిసారీ ఆ సంచి గుర్తొచ్చేది. పచ్చడి మానేద్దామనుకున్నాను, అదీ చేయలేదు.

బళ్ళు తెరిచాక టీసీ కోసం వచ్చింది. ఎండకి బాగా నల్లబడింది. వేసవంతా షెడ్లో తొడిమలు తీసిందట. టీసీలో ప్రవర్తన అన్న చోట మేము అందరికీ ఒకటే మాట రాస్తాం, సంతృప్తికరం అని. రాసి సంతకం పెట్టి ఇచ్చాను. చదువుకుంది.

“వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చంట మేడం. పెడతాను.”

“పెట్టు. ఈసారి నేను ఇంకా బాగా రాసిస్తాను.”

“లెక్కల సార్‌ని అడుగుదామనుకుంటున్నా మేడం.”

స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. తెలిసి కూడా అడిగాను, “ఎందుకు?” అని.

“మీరు నన్ను మూడో గడిలో పెట్టారు కదా మేడం. మీకు అట్టా అనిపిస్తే నేనేం అనను. కానీ నేను మూడో గడిదాన్ని కాదు మేడం.”

గొంతు పెంచలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. బల్బుల రోజున చెప్పినంత మామూలుగా చెప్పి, టీసీని మడిచి చున్నీ కొంగులో పెట్టుకుంది. రెండోసారి కూడా నా తప్పు దిద్దింది. రెండోసారి కూడా తను చెప్పిందే కరెక్టు. అవునని తల మాత్రం ఊపాను. ఆ రోజు ల్యాబులో ఊపాల్సిన తల.

ఆ అమ్మాయి అడిగితే లెక్కల సారు మంచిగానే రాస్తారు. కానీ ఆయనకి బల్బుల సంగతి తెలియదు. తెలిసింది నాకు, ఆ క్లాసు పిల్లలకి. వాళ్ళంతా ఇప్పుడు తలో ఊరూ వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి తనంతట తను చెప్పుకోదు. చెప్పాల్సింది నేనే. రోజూ ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతాను. నోరు తెరవడానికి పదకొండు రోజులు పట్టింది.

పన్నెండో రోజు బీరువా తీసి, దుమ్ము తుడిచి, ఆ చెక్క తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ప్లగ్గు పెట్టాను. అరవైది వెలిగింది.

“అరవైదే వెలుగుతుందేంటి మేడం?” అన్నారాయన నవ్వుతూ.

మొదటి నుంచీ చెప్పాను. వందదే అన్నాను అని, అమ్మాయి లేచి కాదంది అని, బెంచీ మీద కూర్చుంటానని ఎగతాళి చేశాను అని, మర్నాడు ఆ పిల్ల ఇది చేసి తెచ్చింది అని, వోల్టేజీ లేదని అబద్ధం చెప్పాను అని. ఎదురు చెప్పదని రాయించాను అని. ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వయసులో నాకన్నా చిన్నవాడు. బల్బుల వంక చూస్తూ కూర్చున్నారు.

“ఇది ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే సరిపోయేది కదా మేడం” అన్నారు చివరికి. “వాళ్ళు అడగలేదా?”

“అడిగారు.”

“మరి చెప్పలేదేం?”

“నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను” అన్నాను.